38 ఏళ్లకు బిజినెస్ స్ట్రాటజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టవచ్చా?

మాది నెల్లూరు. పద్నాలుగేళ్లుగా చెన్నైలో, అంబత్తూరులోని ఒక వాహన విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. వ్యాపార వ్యూహం బోధిస్తూ, కంపెనీలకు సలహాదారుగా ఉండాలని కోరిక.

వ్యాపార వ్యూహ నిపుణుడు సి.కె. ప్రహ్లాద్ ఇక్కడి లయోలా కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, యూనియన్ కార్బైడ్‌లో ఉద్యోగం చేసి, 1975లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే పెద్ద కంపెనీలకు సలహాలిచ్చారు. డాక్టరేట్ నాటికి ఆయన నాకంటే చిన్నవారే లెండి! సలహా అడిగేవాళ్లు ముందు నెరిసిన జుట్టు చూస్తారని మా మేనేజరుగారి మాట. అది నాకు ఇప్పటికే ఉంది.

ఉద్యోగం మానకుండా పీహెచ్‌డీ చేసినవారు ఎవరైనా ఉన్నారా? బెంగళూరు ఐఐఎంలో పూర్తికాలం చేరినవారు ఇంటి రుణం వాయిదాలు ఎలా కట్టారు? మొదటి సలహాదారు పని ఎవరి ద్వారా దొరికింది? దయచేసి చెప్పండి.