"సాధనమున పనులు": అభ్యాసమా, పనిముట్టా?

గాలిబాట: ఇంజిన్ సిలిండర్ హెడ్‌లో గాలిని లోపలికి తెచ్చే దారులను, అంటే ఇన్‌టేక్ రన్నర్లను, చేత్తో మలిచే పని గురించి రాస్తున్న వ్యాసానికి వేమన పద్యపాదం ఒకటి తలకట్టుగా పెట్టాలని ఉంది. "సాధనమ్మున పనులు సమకూరు ధరలోన" అని నోటికి వస్తోంది గానీ, ఎక్కడో ఒక అక్షరం బరువెక్కినట్టు తోస్తోంది. పైగా ఇక్కడ సాధనమంటే అభ్యాసమా, పనిముట్టా? నా వ్యాసానికి రెండోదే కావాలి.

యతిమైత్రి: "సాధనమున" అనే ఉండాలి. ఆటవెలది మూడో పాదంలో సాధ, నమున, పనులు అని మూడు సూర్యగణాలు కుదిరి, "సమకూరు" దగ్గర యతి చెల్లుతుంది; మకారాన్ని ఒత్తారంటే గణమూ చెడుతుంది, యతీ తప్పుతుంది. ఇక అర్థం అభ్యాసమే. అనగననగ, తినగ తినగ అన్న తర్వాత పనిముట్టుకు చోటెక్కడిది?

వాల్వుసీటు: చోటు ఉంది. అల్యూమినియం హెడ్‌లో సన్నపళ్ల కార్బైడ్ బర్ (గిర్రున తిరుగుతూ లోహాన్ని చెక్కే పనిముట్టు) పెడితే, పళ్ల సందులు లోహంతో పూడుకుపోయి అది కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. ఎంత అలవాటు పడిన చెయ్యి అయినా అక్కడ చేయగలిగింది లేదు. వెడల్పు పళ్ల బర్‌కు కాస్త కటింగ్ ఆయిల్ తోడైతే, అదే చెయ్యి వాల్వు కాడను పట్టి ఉంచే గైడు చుట్టూ ఉన్న దిమ్మెను శుభ్రంగా పలచన చేస్తుంది. "సాధనమున" అంటే "సాధనంతో" అనుకోవడానికి వ్యాకరణమూ అడ్డు రాదు.

యతిమైత్రి: వ్యాకరణం అడ్డు రాకపోయినా పద్యం అడ్డు వస్తుంది. వేమన ఎత్తుగడ చూడండి: మొదటి పాదంలో ఉన్న రాగమే పెరుగుతుంది, రెండో పాదంలో చేదు ఏకంగా తీపి అవుతుంది, ఆ రెండూ నిలబెట్టాకే సూత్రం చెబుతాడు. ఇంత పొదుపుగా చెప్పగలిగినవాళ్లు అరుదు.

ఫ్లోబెంచి: ఆ రెండు పాదాల తేడాయే నన్ను ఆపుతోంది, ఎందుకంటే రన్నరును రుద్దినకొద్దీ మేలు అతిశయిల్లదు. 28 అంగుళాల నీటిమట్టానికి సమానమైన పీడన భేదం దగ్గర ప్రవాహాన్ని కొలుస్తూ, కొంచెం తీసి మళ్లీ కొలుస్తూ పోతే, లాభమంతా ఎక్కువగా వాల్వు కింది గిన్నెలోనూ, వాల్వు ఆనుకునే సీటుకు ముందున్న లోపలి వంపులోనూ కనిపిస్తుంది. పొడవాటి గోడలను అద్దంలా మెరిపించినా ప్రవాహం చెప్పుకోదగినంత పెరగదు. పెట్రోలు కూడా గాలితో కలిసి అదే దారిన వచ్చే ఇంజిన్లలో నున్నటి గోడ మీద ఇంధనం పొర కట్టి జారుతుంది కనుక, 60 లేదా 80 నంబరు ఎమరీ వదిలిన గరుకును అలాగే ఉంచేవారు ఎక్కువ. దారిని మరీ వెడల్పు చేస్తే తక్కువ వేగాల్లో గాలి వడి తగ్గి ఇంజిన్ లాగుడు పడిపోతుంది. ఇంకా లోతుకు పోతే చల్లబరిచే నీళ్లు తిరిగే వాటర్ జాకెట్‌కు చిల్లు పడుతుంది. తీసిన లోహాన్ని అభ్యాసం తిరిగి తేలేదు.

వాల్వుసీటు: ప్రవాహాన్ని కొలిచే బెంచీ కూడా పనిముట్టే కదా.

వేపపువ్వు: అభ్యాసమే ఉద్దేశమైతే "సాధన" అన్న రూపం ఉండగా "సాధనము" ఎందుకు వచ్చినట్టు?

యతిమైత్రి: "సాధనము చేయు" అంటే అభ్యసించు అనే అర్థం తెలుగులో ఉన్నదే.

గాలిబాట: అక్షరం మటుకు దిద్దుకున్నాను. పాదాన్ని నునుపు చేసే భాగం మీద కాకుండా, వాల్వు గిన్నెను కొలుచుకుంటూ మలిచే భాగం మీద పెడుతున్నాను; ఏ అర్థమో అక్కడ రాయను.