మేయో కౌంటీ ‘లార్డ్ లెఫ్టినెంట్’ అంటే మన కలెక్టర్ లాంటివాడా?

నైట్‌డ్యూటీ నర్సు:
నేను ఐర్లండ్‌లో, మేయో కౌంటీ కాసిల్‌బార్‌లో నర్సుగా చేస్తున్నాను. మా నాన్న మూడు నెలలు ఉందామని వచ్చారు. రెవెన్యూలో ఆర్‌ఐగా రిటైరైన మనిషి, ఏ ఊరెళ్లినా ముందు అడిగేది “ఇక్కడ శిస్తు ఎవరు వసూలు చేసేవాళ్లు?” అనే. నిన్న లైబ్రరీలో ఏదో పాత పుస్తకం తిరగేస్తూ ‘లార్డ్ లెఫ్టినెంట్ ఆఫ్ మేయో’ దగ్గర ఆగిపోయారు. కలెక్టరా, గవర్నరా, మిలిటరీవాడా? పైగా అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయ్ లార్డ్ మేయో ఈయనేనని వాదన. తెలిసినవాళ్లు చెప్పండి, లేకపోతే రోజూ భోజనం దగ్గర ఇదే గొడవ.

వెస్ట్‌పోర్ట్ బాబాయి:
అమ్మాయ్, ముందు ఆ వైస్రాయ్ సంగతి తేల్చేద్దాం. 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్‌లో షేర్ అలీ కత్తికి బలైనాయన పేరు రిచర్డ్ బర్క్. మేయో అన్నది ఆయన బిరుదులో ఉందంతే. ఆయన ఇల్లూ, సమాధీ కిల్‌డేర్ కౌంటీలో ఉన్నాయి.

ఇక కలెక్టరా అంటే, కాదు. జీతం లేదు, బదిలీ లేదు, శిస్తుతో సంబంధమే లేదు. 1831లో చట్టం తెచ్చి ఐర్లండ్‌లో కౌంటీకొక లెఫ్టినెంట్‌ను పెట్టారు. అంతకుముందు ‘గవర్నర్లు’ ఉండేవాళ్లు, ఒక్కోచోట ఇద్దరు ముగ్గురు కలిసి. రాజు తరఫున నిలబడటం, మిలీషియా (స్థానిక సైనిక దళం) చూసుకోవడం, మేజిస్ట్రేట్లుగా ఎవరిని వేయాలో పేర్లు పంపడం, ఇవీ పనులు. 1871లో మిలీషియా మీద అధికారం కూడా తీసేశారు. డబ్లిన్ కోటలో ఉండే లార్డ్ లెఫ్టినెంట్ వేరు, ఆయన ఐర్లండ్ మొత్తానికీ వైస్రాయ్. పేరొకటే కావడంతో చాలామంది తికమకపడతారు.

మేయోకి మొదటాయన మా వెస్ట్‌పోర్ట్ దొర, స్లైగో మార్క్విస్ (మార్క్విస్, ఎర్ల్ అంటే దొరల వంశపారంపర్య బిరుదులు). వయసులో ఉండగా గ్రీసు వెళ్లి పురాతన స్తంభాలు ఓడకెక్కించుకొచ్చాడు. ఆ ప్రయాణానికి నేవీ నావికుల్ని లాగేసుకున్నందుకు 1812లో కోర్టు 5,000 పౌండ్ల జరిమానా, నాలుగు నెలల జైలు వేసింది. తీర్పు చెప్పిన జడ్జి మరుసటి ఏడాది ఈయన తల్లినే పెళ్లి చేసుకున్నాడు! సినిమాలో చూపిస్తే నమ్మం. అదే మనిషి 1834లో జమైకా గవర్నరుగా వెళ్లి, బానిసత్వం ఎత్తేసే చట్టం అక్కడ అమలు చేశాడు. స్లైగోవిల్ అని ఊరే ఉంది ఆయన పేరున.

రెండో ఆయన మీ ఊరివాడే, మూడో ఎర్ల్ ఆఫ్ లూకన్. 1845 నుంచి 1888లో చనిపోయేదాకా, అంటే 43 ఏళ్లు. 1845 అంటే బంగాళాదుంపకు తెగులు సోకిన ఏడాదే. జనం ఆకలితో చస్తుంటే ఈయన కాసిల్‌బార్, బాలిన్‌రోబ్ వైపు కౌలు కుటుంబాలను వందల్లెక్కన ఖాళీ చేయించి, ఇళ్లు కూల్చి, పశువులు మేపే పెద్ద ఫారాలు చేశాడు. రాణిగారి ప్రతినిధీ ఆయనే, ఇల్లు పీకించే దొరా ఆయనే. ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? మేజిస్ట్రేట్ల పేర్లు పంపేది కూడా ఆయనేనాయె. తర్వాత 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర అశ్వదళాన్ని నేరుగా ఫిరంగులకు ఎదురు పంపిన కమాండర్ కూడా ఈయనే. అంత జరిగినా చివరికి ఫీల్డ్ మార్షల్ అయ్యాడు.

బెల్‌ఫాస్ట్ కుర్రాడు:
బాబాయ్, మా వైపు ఆ పదవి ఇంకా ఉంది. 1922లో బ్రిటిష్ పాలన పోయాక మీ దక్షిణాన రద్దయింది కానీ, బ్రిటన్‌తోనే ఉండిపోయిన నార్తర్న్ ఐర్లండ్‌లో ఆరు కౌంటీలకు ఆరుగురు, బెల్‌ఫాస్ట్, లండన్‌డెరీ నగరాలకు చెరొకరు, మొత్తం ఎనిమిది మంది. 75 ఏళ్లకు రిటైర్మెంట్. రాజుగారు వస్తే ఎదురెళ్లడం, మెడల్స్ ఇవ్వడం. అధికారం ఏమీ లేదు, యూనిఫాం మాత్రం భలే ఉంటుంది.

నైట్‌డ్యూటీ నర్సు:
చదివి వినిపించాను. వైస్రాయ్ దగ్గర నాన్న ఓటమి ఒప్పుకున్నారు (మా ఇంట్లో ఇది చరిత్ర). “అయితే జనం ఊరుకున్నారా?” అంటున్నారు.

వెస్ట్‌పోర్ట్ బాబాయి:
ఎక్కడ ఊరుకున్నారు? 1879 ఆగస్టులో మేయో ల్యాండ్ లీగ్, అంటే కౌలు రైతుల సంఘం, పుట్టింది మీ కాసిల్‌బార్ హోటల్లోనే, అప్పటికింకా లూకన్ పదవిలో ఉండగానే. మరుసటి ఏడాది బాలిన్‌రోబ్ దగ్గర దొర తరఫున భూములు చూసే ఒక ఎస్టేట్ ఏజెంటును జనం వెలేశారు: కూలీలు పొలం పనికి రాలేదు, కొట్లవాళ్లు సరుకులు ఇవ్వలేదు. చివరికి కావన్, మోనహన్ కౌంటీల నుంచి ఓ యాభైమంది వస్తే, వాళ్ల చుట్టూ సైన్యం కాపలా కాస్తుంటే పంట తీశారు. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయ్‌కాట్. మన పేపర్లలో రోజూ రాసే ‘బాయ్‌కాట్’ ఆయన పేరేనమ్మా! ఆయన పనిచేసిన దొర లార్డ్ ఎర్న్, అప్పటి ఫర్మానా కౌంటీ లార్డ్ లెఫ్టినెంట్.

నాన్నగారికి నచ్చేది ఇంకోటి. పదవి పోయినా కాసిల్‌బార్‌లో చాలా ఇళ్లవాళ్లు లూకన్ వంశానికి నేల అద్దె (ఇల్లు తమదైనా దాని కింది స్థలానికి కట్టేది) కడుతూనే ఉన్నారు. 1974లో ఏడో ఎర్ల్ లండన్‌లో హత్య కేసులో ఇరుక్కుని మాయమైపోయాడు. దాంతో ఇక్కడివాళ్లు “దొర ఎవరో తేలాక కడతాం” అని అద్దె ఆపేశారు. నేను మొదట్లో అద్దెకున్న ఇంటి ఓనరమ్మ బిస్కెట్ల డబ్బాలోంచి అలాంటి పాత రసీదొకటి తీసి చూపించింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఆయన చనిపోయినట్టు సర్టిఫికెట్ వచ్చింది 2016లో.

నైట్‌డ్యూటీ నర్సు:
నాన్న కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. “1974 నుంచి 2016 దాకా బకాయి ఎవరి ఖాతాలో చూపించారో కనుక్కో” అంటున్నారు.