బుధ గ్రహానికి ఏళ్ల తరబడి చుట్టుదారి అవసరమా?

నీలాంబరం:
నాసా పంపిన మెసెంజర్ నౌక 2004 ఆగస్టులో బయలుదేరి 2011 మార్చిలో గానీ బుధుడి కక్ష్యలోకి ప్రవేశించలేదు. నేరుగా వెళ్తే ప్రయాణం మూడున్నర నెలలే. ఇంధనం ఆదా చేయడానికి ఆరున్నరేళ్లు వెచ్చించడం కంటే పెద్ద రాకెట్ వాడడమే మేలని నా అభిప్రాయం.

కక్ష్యాగణితం:
నీలాంబరం గారూ, చిక్కు వెళ్లడంలో లేదు, వెళ్లాక ఆగడంలో ఉంది. సూర్యుడి వైపు వెళ్తున్న కొద్దీ నౌక వేగం పెరుగుతూ పోతుంది కనుక, నేరు దారిలో వెళ్లిన నౌక బుధుడిని సెకనుకు సుమారు 9.6 కి.మీ. సాపేక్ష వేగంతో సమీపిస్తుంది. బుధుడి గురుత్వాకర్షణ బలహీనం. శుక్రుడికి ఉన్నట్టు వేగాన్ని తగ్గించే దట్టమైన వాతావరణమూ లేదు. కాబట్టి కక్ష్యలో నిలవాలంటే ఇంజనే సెకనుకు కనీసం 6 కి.మీ. వేగాన్ని తగ్గించాలి. సాధారణ రసాయన ఇంధనంతో లెక్క వేస్తే, 500 కిలోల నౌకకు 3,000 కిలోలకు పైగా ఇంధనం కావాలి. అది పట్టే ట్యాంకుల బరువు ఇందులో కలపనే లేదు. మెసెంజర్ మోసుకెళ్లిన ఇంధనం సుమారు 600 కిలోలే. భూమిని ఒకసారి, శుక్రుడిని రెండుసార్లు, బుధుడిని మూడుసార్లు దాటుతూ, ఆ గ్రహాల గురుత్వాకర్షణతోనే తన కక్ష్యను మెల్లమెల్లగా బుధుడి కక్ష్యకు దగ్గర చేసుకుంది గనుక, చివరి రోజున ఇంజను తగ్గించాల్సిన వేగం సెకనుకు 0.86 కి.మీ. మాత్రమే అయింది. ఈ తరహా దారిని 1985లో నాసా పరిశోధన కేంద్రమైన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన చెన్-వాన్ యెన్ లెక్కగట్టి చూపకపోతే, బుధుడి చుట్టూ నౌకను తిప్పాలన్న ఆలోచన కాగితం దాటేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

శుక్రతార:
లెక్కను కాదనను, కానీ కాలాన్ని ఉచితంగా లెక్కగట్టకూడదు. 2018 అక్టోబరులో బుధుడి వైపు బయలుదేరిన యూరప్-జపాన్ నౌక బెపికొలంబో 2025 డిసెంబరులో చేరాల్సి ఉండగా, 2024లో దాని విద్యుత్ థ్రస్టర్లకు (కరెంటుతో నౌకను నెట్టే ఇంజన్లకు) అందే కరెంటు తగ్గిపోవడంతో 2026 నవంబరుకు వాయిదా పడింది. ప్రయాణం ఎంత సాగితే ఇలాంటి లోపాలకు అంత అవకాశం. పైగా దాని ప్రధాన కెమెరా దారి పొడవునా నౌకను బుధుడి దాకా మోసుకెళ్లే ప్రయాణ మాడ్యూల్ చాటునే ఉండిపోతుంది.

కక్ష్యాగణితం:
శుక్రతార గారూ, ఆ ఉదాహరణే నా వాదనకూ పనికొస్తుంది. థ్రస్టర్ల శక్తి తగ్గినా యాత్ర ఆగలేదు: 2024 సెప్టెంబరులో నౌకను ముందు అనుకున్నదానికంటే దగ్గరగా, బుధుడికి 165 కి.మీ. ఎత్తున దాటించి, గ్రహం చేతనే ఎక్కువ పని చేయించుకున్నారు. మెసెంజర్ అయితే దారిలో బుధుడిని దాటినప్పుడే అంతకుముందు బుధుడిని దాటివెళ్లిన నాసా నౌక మారినర్ 10 చూడలేకపోయిన నేలను ఫోటోలు తీసింది కనుక, ఆ ఏళ్లన్నీ ఉత్త నిరీక్షణే అనడం సరికాదు. శుక్రుడికి ఇలాంటి చుట్టుదారి ప్రతిపాదిస్తే మాత్రం నేనూ నీలాంబరం గారి పక్షమే. యూరప్ పంపిన శుక్రుడి నౌక వీనస్ ఎక్స్‌ప్రెస్ 2005 నవంబరులో బయలుదేరి ఐదు నెలలకే అక్కడికి చేరింది.