సోడియం ఎలక్ట్రాన్‌ను ‘దానం’ చేస్తుందా, ‘కోల్పోతుందా’?

ప్రశ్న: పిల్లల కోసం అయానిక బంధం (అయాన్ల మధ్య, అంటే విద్యుదావేశమున్న పరమాణువుల మధ్య, ఆకర్షణతో ఏర్పడే బంధం) మీద వ్యాసం రాస్తున్నాను. ఒకచోట సోడియం ఎలక్ట్రాన్‌ను ‘దానం చేస్తుంది’ అనీ, ఇంకోచోట ‘కోల్పోతుంది’ అనీ పడింది. ఏది ఉంచమంటారు?

జవాబు: ‘కోల్పోతుంది’ ఉంచండి. దానమంటే ఇచ్చేవాడికి ఇష్టముండాలి కదా! సోడియంలో 11 ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ కర్పరాల్లో (పొరల్లో) 2, 8, 1గా సర్దుకుని ఉంటాయి. చివరిది కేంద్రకానికి దూరం, పైగా మధ్యలో పది ఎలక్ట్రాన్లు అడ్డు. పట్టు తక్కువే గానీ ఊరికే ఊడిరాదు. వాయుస్థితిలో ఉన్న ఒక మోల్ (సుమారు 6×10²³) సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను పీకాలంటే సుమారు 496 కిలోజౌళ్లు పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: దాన్ని అందుకున్న క్లోరిన్ శక్తిని విడుదల చేస్తుందిగా? ఖర్చు అక్కడ తీరిపోదా?

జవాబు: తీరదండీ. క్లోరిన్‌ది 2, 8, 7. ఒకటి చేరి చివరి కర్పరంలో ఎనిమిది అయితే వచ్చేది మోల్‌కు 349 కిలోజౌళ్లే. ఇంకా 147 లోటు. సోడియం లోహాన్ని విడి పరమాణువులుగా చేయడానికీ, క్లోరిన్ అణువును విడగొట్టడానికీ అయ్యే ఖర్చు వేరే. ఇదంతా పూడ్చేది అయాన్ల మధ్య ఆకర్షణ. అవి దగ్గరకు చేరి స్ఫటికంగా పేరుకున్నప్పుడు దాదాపు 787 కిలోజౌళ్లు బయటికొస్తాయి. ‘ఎనిమిది కావాలన్న కోరికతో’ అని మాత్రం రాయకండి. చివరి కర్పరంలో ఎనిమిది అనే అష్టక నియమం ఎలక్ట్రాన్ల లెక్క చెబుతుంది, అంతే.

మరొకరు: ‘దాత’ అనే మాట సమన్వయ సమయోజనీయ బంధంలో (పంచుకునే ఎలక్ట్రాన్ జంట మొత్తం ఒకవైపు నుంచే వచ్చే బంధం) ఎప్పటినుంచో ఉంది. అమ్మోనియా తన ఒంటరి జంటను (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటను) హైడ్రోజన్ అయాన్‌తో పంచుకుని అమ్మోనియం అవుతుంది. అక్కడ జంట చేజారిపోదు, ఉమ్మడి అవుతుంది. ఇక్కడా దానమే అంటే పిల్లలు రెండూ కలిపేస్తారు. జరిగిన పని మొత్తానికి ‘బదిలీ’ చాలు.

ఇంకొకరు: నాకు నచ్చేది ధన, ఋణ గొడవ. పోగొట్టుకున్న సోడియం ధనాయాన్, సంపాదించుకున్న క్లోరిన్ ఋణాయాన్! ఎలక్ట్రాన్‌ది ఋణావేశం కాబట్టి అలా తిరగబడింది. సోడియంలో 11 ప్రోటాన్లకు 10 ఎలక్ట్రాన్లే మిగిలాయని పక్కనే లెక్క వేసి చూపించండి, లేకపోతే తికమక తప్పదు.

ప్రశ్న అడిగినవారు: సరే, ఇలా మార్చాను: ‘సోడియం తన బాహ్య కర్పరంలోని ఎలక్ట్రాన్‌ను కోల్పోతుంది, క్లోరిన్ దాన్ని గ్రహిస్తుంది. వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ వల్ల సోడియం క్లోరైడ్ అణువు ఏర్పడుతుంది.’

జవాబు: చివర్లో ‘అణువు’ తీసేయండి. ఘనస్థితిలో ఫలానా సోడియంకు ఫలానా క్లోరిన్ అంటూ జత ఉండదు. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ‘స్ఫటికం ఏర్పడుతుంది’ అనండి.