అడుగులేస్తే అరిసెలు: రెండో పిల్లకి నేనే వండాలనుకుంటున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

గుంటకాడ నాన్న (ముత్తుకూరు):

అందరికీ నమస్కారం. నేను రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్‌ని. అంతా వనామీ రకం రొయ్యలే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) ఆగాయంటే పంట పోయినట్టే. అందుకని జనరేటర్ పక్కనే నా పడక. ఇంట్లో సంగతులు సగం ఫోన్లోనే తెలుస్తాయి.

మాకు ఇద్దరు. బాబుకి ఐదేళ్లు, పాపకి పదకొండో నెల. వాడు బోర్లా పడిన రోజు మా అమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచింది. కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు, ఏదీ వదల్లేదు. పాప బోర్లా పడిన రోజు మా గుంటలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. ఐసు, లారీ, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గర బేరం, వీటితోనే తెల్లారింది. కూర్చున్న రోజైతే ఎవరికీ గుర్తే లేదు. మొన్న మా ఆవిడ అల్మారా సర్దుతూ, "వాడివి రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి. దీనివి స్టేటస్‌లో పెట్టినవే, అవి తెల్లారితే ఉండవు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి.

ఇప్పుడు పాప మంచం కోడు పట్టుకుని నిలబడుతోంది. చెయ్యి వదిలి రెండడుగులు వేసి కూలబడి, మేం చప్పట్లు కొట్టామా లేదా అని చుట్టూ చూస్తోంది. ఈసారి అరిసెలు తప్పకుండా చేయాలన్నాను. "రెండో కాన్పు పిల్లకి ఇయ్యన్నీ ఎవురు చేస్తారు నాయనా" అంది మా అమ్మ. పైగా అరిసెలు అమ్మమ్మగారింటి నుంచి రావాలట. మా అత్తగారిది పొదిలి, మోకాళ్ల నొప్పులతో ఆమె లేవడమే కష్టం. నేనే వండుతానన్నాను. ఇల్లంతా నవ్వారు, బాబు కూడా.

నాకు తెలియాల్సింది ఇది. తొలి అడుగు రోజే చేయాలా, నడక కుదిరాక చేయొచ్చా? వచ్చే నెలలో మా పెళ్లిరోజు ఉంది (పెంచలకోనలో చేసుకున్నాం, సింపుల్‌గా). ఆ రోజే రెండూ కలిపితే ఏమన్నా తప్పా? అరిసెల పాకం ఎలా పట్టాలో కూడా మొదటినుంచి చెప్పండి. నాకు వచ్చిన వంట టీ, ఆమ్లెట్.

దర్శి పెద్దమ్మ:

నాయనా, అమ్మమ్మ తేవాలన్నది ఆనవాయితీ, చట్టం కాదు. మీ అత్తగారి చేత బియ్యం, బెల్లం డబ్బులు ఇప్పించుకో, ఆమెకీ తృప్తిగా ఉంటుంది. రోజు సంగతంటావా, మా ఇళ్లలో నాలుగైదు అడుగులు పడకుండా వేశాకే చేస్తాం. పెళ్లిరోజున నిక్షేపంగా చేసుకో.

ఇక పాకం. ఉప్పుడు బియ్యం పనికిరావు, పచ్చి బియ్యమే. ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టు, మధ్యలో నీళ్లు మార్చు, లేకపోతే వాసనొస్తాయి. వడేసి గుడ్డ మీద కాసేపు ఆరనివ్వు. చేత్తో పట్టుకుంటే తడి తగలాలి గానీ నీళ్లు కారకూడదు. ఆ తడి మీదే మర పట్టించు. ఎండు బియ్యం పట్టే మరలో తడిపిండి పట్టరు, ముందే అడుగు. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టు. పిండి ఆరిందంటే అరిసె పగులుతుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. కాసిని నీళ్లు పోసి కరిగించి వడకట్టు, బెల్లంలో ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉండు. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చుక్క పాకం వెయ్యి. కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయ్యిందంటే అదే పాకం, వెంటనే దించెయ్. లేత పాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే మీ అమ్మ పళ్లు ఊడతాయి. నువ్వులు, యాలకుల పొడి, గరిటెడు నెయ్యి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు, మీ ఆవిడని పక్కన నిలబెట్టుకో. ఆ పది నిమిషాలు గుంట నుంచి ఫోనొచ్చినా ఎత్తొద్దు!

నూనె మరీ కాగకూడదు. పొంగి ఎర్రబడ్డాక తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కు. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు.

అంగన్‌వాడీ టీచర్ (సింగరాయకొండ వైపు):

పెద్దమ్మ చెప్పిన తర్వాత వంట గురించి నేను చెప్పేదేం లేదు. ఒక్కటే భయం, పెళ్లిరోజు దగ్గరికొస్తుందని పిల్లను వాకర్‌లో వేసి తొందరపెడతారేమోనని. వాకర్ నడక నేర్పదు, పైగా గడపల దగ్గర తలకిందులవుతారు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు ఎనిమిదో నెల దాటాక మొదలుపెట్టి పదిహేడున్నర నెలల లోపు ఎప్పుడైనా సొంతంగా నడవొచ్చు. కొందరు పాకకుండానే లేచి నడిచేస్తారు. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే అప్పుడు డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి. అరిసెలు పంచేది ఊరికి, పాపకి కాదు. ఇంత చిన్నపిల్లలకి తీపి అలవాటు చేయొద్దనే మేం తల్లులకు చెప్తాం. పాపకి మెత్తగా పప్పన్నం పెట్టండి.

ట్రంక్ రోడ్ బావ (నెల్లూరు):

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అడ్డం చెప్తా. ఇప్పుడు టౌన్లో ఈ అరిసెల ఫంక్షన్‌కి కూడా హాలు, స్టేజీ డెకరేషన్, డ్రోన్ కెమెరా. ఆ పిల్లేమో లైట్లకి బెదిరి ఏడుస్తూ ఉంటుంది, అయినా నడిపిస్తూనే ఉంటారు. మీరూ అటు జారకండి. ఆ డబ్బుతో పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఆడపిల్లకి పదేళ్లు నిండేలోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. పదిహేనేళ్లు కడితే చాలు, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకి మెచ్యూర్ అవుతుంది.

ఇంకో అనుమానం: అరిసెలు పరిచి వాటి మీద పిల్లని నడిపిస్తారు కదా, తినేదాని మీద కాళ్లు పెట్టించడం నాకు మింగుడుపడదు.

దర్శి పెద్దమ్మ:

బావగారూ, మేం అరిసెలు పరిచి పైన కొత్త గుడ్డ కప్పుతాం, పిల్ల కాళ్లు కడిగి దాని మీద నడిపిస్తాం. లక్ష్మీదేవి అడుగులనుకుని తింటాం. మీకు అభ్యంతరమైతే పళ్లెంలో పెట్టి ఎదురుగా కూర్చోండి, పిల్లే మీ దగ్గరికి నడిచొస్తుంది.

కోవూరు నుంచి ఒక నాన్న:

మాకు పెళ్లయిన చాలా ఏళ్లకి గానీ పిల్లలు పుట్టలేదు. జొన్నవాడ కామాక్షమ్మకి మొక్కాం, మొహర్రం అప్పుడు నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు ఇచ్చే సంతానం రొట్టె కూడా పట్టాం. పాప పుట్టిన తర్వాతి పండక్కి మేమే రొట్టె చేసుకుని బారాషహీద్ దర్గాకి వెళ్లాం. నీళ్లలో నిలబడి రొట్టె చేతిలో పట్టుకుంటే, ఎక్కడో తిరుపతి నుంచి వచ్చిన జంట చేతులు చాపారు. మా ఆవిడ ఆ అమ్మాయి భుజం పట్టుకుని ఏదో చెప్పింది. ఏం చెప్పావంటే ఇప్పటికీ చెప్పదు.

అట్లాంటి ఇంట్లో పిల్ల తుమ్మినా పండగే. తొలిమాట "నాన్న" అంటుందని పందెం కాశాను, "బువ్వ" అంది. మా అత్త దానికీ చిలకలు పంచింది. గుంటల మీద పనిచేసేవాళ్లకి సెలవు కష్టమని తెలుసు. సెంట్రల్ గవర్నమెంటు వాళ్లకి పదిహేను రోజుల పితృత్వ సెలవుంది, మనలాంటి ప్రైవేటు వాళ్లకి ఓనరు దయ. అయినా ఆ ఒక్కరోజుకి వేరేవాళ్లని జనరేటర్ కాడ పడుకోబెట్టు తమ్ముడూ.

గుంటకాడ నాన్న:

అందరికీ దండాలు. మా బామ్మర్ది వచ్చి ఆ రాత్రి గుంట చూస్తానన్నాడు, రేటుగా నాలుగు అరిసెలు ఎక్కువ అడిగాడు. అత్తగారు పొదిలి నుంచి బియ్యం పంపిస్తున్నారు. బెల్లం మాత్రం తను కొనే కొట్లోదే కావాలని మా అమ్మ పట్టుబట్టింది. ఎవరు చేస్తారన్న మనిషి ఇప్పుడు పాకం దగ్గర నన్ను నిలబడనిచ్చేలా లేదు, అదొక టెన్షన్. సుకన్య ఫారం తెచ్చాను బావగారూ. పాపకి వాకర్ కొనలేదు, కొనను.

హాలు లేదు, డ్రోన్ లేదు. మా ఆవిడకి చెప్పింది ఒక్కటే, ఆ రోజు ఫొటోలు ప్రింట్ వేయించి ఆల్బమ్ పెడదామని. "చూద్దాం" అంది. మా ఇంట్లో చూద్దాం అంటే సరే అని.

ఫొటో పెట్టమని మెసేజ్ చేసినవాళ్లకి: పిల్ల ముఖం ఇక్కడ పెట్టను, అరిసెలది పెడతాను. విరిగిపోతే అదీ పెట్టను.