ధ్రువ నక్షత్రం సరిగా కనిపించని చోట టెలిస్కోపు మౌంటును (టెలిస్కోపును మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే పీఠాన్ని) ఎలా సరిచేయాలి?

మా క్లబ్బు వేధశాల హైదరాబాద్ శివార్లలో ఉంది. ధ్రువ నక్షత్రం ఇక్కడ 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, నగరపు వెలుగు, దుమ్ము కలిసి దాన్ని మింగేస్తున్నాయి. దక్షిణాన మాత్రం మంచి చీకటి, అందుకే ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛాన్ని ఫోటో తీయాలని ఆశ. అదీ ఎంత పైకొచ్చినా 25 డిగ్రీలే!

15 సెకన్ల ఎక్స్‌పోజరులో నక్షత్రాలు చుక్కల్లాగే వస్తున్నాయి. నిమిషం దాటితే ఉత్తర దక్షిణాలుగా సాగుతున్నాయి. గేర్ల లోపమైతే తూర్పు పడమరలుగా సాగాలి కదా? కాబట్టి నా అనుమానం మౌంటు తిరిగే అక్షం మీదే, అది ధ్రువం వైపు సరిగా గురిపెట్టి లేదేమోనని.

డ్రిఫ్ట్ పద్ధతిలో (అంటే ఒక నక్షత్రం మెల్లగా ఎటు జరుగుతోందో చూసి అక్షాన్ని సరిచేయడం) అక్షం ఎత్తు సరిచూడాలంటే తూర్పు క్షితిజం దగ్గరి నక్షత్రం కావాలంటారు. మాకు అటు అన్నీ వేపచెట్లే. 40 డిగ్రీల ఎత్తులోని నక్షత్రంతో పని జరుగుతుందా? ఎవరైనా చేసి చూశారా? దయచేసి ఆటోగైడరు (నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటును తనంతట తానే సరిచేసే పరికరం) కొనమనకండి, క్లబ్బు నిధులు అంత లేవు.