రాసే ముందు టారో కార్డు తీయడం: పనికొచ్చే అలవాటా, చదువుకున్నవాళ్ళ చిలక జోస్యమా?

నల్లసిరా:
కథలు రాస్తాను. పొద్దున్నే కూర్చోగానే ఒక టారో కార్డు (జోస్యం చెప్పేవాళ్ళు వాడే బొమ్మల కార్డు) తీసి, అందులో కనిపించినదాన్నిబట్టి నిన్నటి పేజీ గురించి నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఆ తరువాతే కథ. మా రచయితల వాట్సాప్ గ్రూపులో ఈ మాట అంటే "చిలక ఏది, పంజరం ఎక్కడ పెట్టావు" అని ఆటపట్టించారు. జరగబోయేది తెలుసుకుందామని కాదు నేను తీసేది. ఇది రాతకి నిజంగా పనికొస్తుందా, పని ఎగ్గొట్టడానికి ఇంకో సాకా? రెండు వైపులా వినాలనుంది.

తర్కం తాతయ్య:
సాకే. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 39 మంది విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, "ఇది మీ వ్యక్తిత్వ విశ్లేషణ" అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకటే. అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి. మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అలాగే ఏ కార్డు తీసినా మీ కథకి అతుకుతుంది, ఎందుకంటే అతికించేది మీరే. ఇక టారో అంటే ఈజిప్టు పూజారుల రహస్య విద్య అన్నది 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి ఆయన ప్రచారంలో పెట్టిన కథ. అంతకు మూడు వందల ఏళ్ళ ముందే ఇటలీలో ఈ కార్డులతో శుభ్రంగా పేకాట ఆడుకున్నారు.

వీధరుగు:
తాతయ్యగారూ, మీరు కొట్టింది జోస్యాన్ని. నల్లసిరా గారు అడిగింది వేరే. అవధానంలో దత్తపది తీసుకోండి. పృచ్ఛకుడు కారు, బస్సు, రైలు, లారీ అని నాలుగు మాటలిచ్చి కృష్ణరాయబారం మీద పద్యం చెప్పమంటాడు. అతికించడమే అక్కడ విద్య! ఆ మాటలకి రాయబారం సంగతి తెలుసని ఎవరూ అనుకోరు. 1975లో బ్రయన్ ఈనో అనే సంగీతకారుడు, పీటర్ ష్మిట్ అనే చిత్రకారుడు కలిసి పని ముందుకు సాగనప్పుడు తీసి చూసుకోవడానికి ఒక కార్డుల కట్ట అచ్చు వేశారు. అందులో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు.

తర్కం తాతయ్య:
పృచ్ఛకుడు మనిషి బాబూ. ఎక్కడ బిగిస్తే అవధాని తడబడతాడో తెలిసి అడుగుతాడు. అవధాని కూడా "ఈ మాట నచ్చలేదు, వేరేది ఇవ్వండి" అనలేడు. కార్డు నచ్చక ఇంకోటి లాగేవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

కుంచెగీత:
బొమ్మలు వేయడం నా వృత్తి కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. ఇవాళ ఎక్కువమంది చేతిలో కనిపించే టారో కట్ట 1909లో లండన్‌లో వచ్చింది. మొత్తం 78 కార్డులు. బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. అంతకుముందు చాలా కట్టల్లో చిన్న కార్డుల (కప్పులు, కత్తులు లాంటి గుర్తులకి అంకెలు వేసినవి) మీద మన పేకముక్కల్లాగే గుర్తులు తప్ప ఇంకేం ఉండేవి కావు. ఈవిడ ప్రతిదానికీ ఒక దృశ్యం వేసింది. పని బోలెడు, డబ్బులు మాత్రం చాలా తక్కువ అని ఒక ఉత్తరంలో రాసుకుంది కూడా. (ఫ్రీలాన్స్ చేసేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.)

ఉదాహరణకి ఫోర్ ఆఫ్ కప్స్, అంటే నాలుగు కప్పుల కార్డు. చెట్టు కింద ఒక కుర్రాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మూడు కప్పులు. మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగోది అందిస్తోంది. వాడు అటు చూడడు. అర్థాల పుస్తకం తెరిస్తే "విసుగు, అసంతృప్తి" అని ఉంటుంది, ఇక ఆలోచించడానికేం మిగలదు. అందుకే నేను పుస్తకం తెరవను, బొమ్మ చూస్తాను. ఒకసారి ఈ కార్డు వచ్చినప్పుడు పిల్లల కథకి సంత బొమ్మ వేస్తున్నా. ఎంత సర్దినా అందులో సంత సందడి రావడం లేదు. సరే, నా బొమ్మలో ఎవరు ఎటు చూస్తున్నారని వెతికాను. గాజులమ్మే ఆవిడ, బండి తోలే ఆయన, పిల్లలు, అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడినట్టు నా వైపే! గాజులావిడ చూపు కొనేవాళ్ళ చేతి మీదకి, పిల్లల చూపు జీళ్ళ తట్ట మీదకి తిప్పాను. అప్పుడు సంతలా అనిపించింది. కార్డు నాకేమీ చెప్పలేదు. రంగులు మార్చుకుంటూ కూర్చున్నదాన్ని కాస్త పక్కకి చూసేలా చేసింది, అంతే. "ఈ బొమ్మ ఎడిటర్‌కి నచ్చుతుందా" అని మాత్రం ఎప్పుడూ అడగను.

పెరుగన్నం:
ఆరకిల్ కార్డుల (టారోలాగే తీసి చూసుకునే ఇంకో రకం కార్డులు) సంగతి ఎవరూ ఎత్తరేం? టారోకి ఒక లెక్క ఉంది. వీటికి అదీ లేదు, ఎవరికి తోచినన్ని వాళ్ళు అచ్చేసుకోవచ్చు. నా దగ్గరున్న కట్టలో ఏది తీసినా "నీలో వెలుగుంది", "విశ్వం నిన్ను ప్రేమిస్తోంది". మూడో అధ్యాయంలో శవాన్ని ఎక్కడ దాచాలో తెలియక నేను చస్తుంటే విశ్వం ప్రేమ ఏం చేసుకోను? టారోలో కనీసం పిడుగు పడ్డ బురుజుంది, వీపులో పది కత్తులు దిగిన మనిషున్నాడు.

అమ్మమ్మ ట్రంకుపెట్టె:
మా ఇంట్లో ఏదైనా తేలకపోతే సుందరకాండ తెరిచి చేతికొచ్చిన పేజీ చదివేవారు. అది ఉండగా లండన్ బొమ్మలెందుకమ్మా?

వీధరుగు:
శకునం కోసమా అండీ, చదివి ఆలోచించడానికా?

అమ్మమ్మ ట్రంకుపెట్టె:
మా అమ్మమ్మ శకునానికే. మా తాతయ్య చదవడానికి. ఇద్దరూ అదే పుస్తకం.

అర్ధరాత్రి టీ:
నా రూమ్మేట్ నవల రాసేది. పొద్దున్నే బురుజు కార్డు వస్తే టెన్షన్ పడిపోయి ఆ రోజు ఫైలే తెరిచేది కాదు. తరువాత ఫోన్లో యాప్ పెట్టుకుంది. మంచి కార్డు వచ్చేదాకా నొక్కుతూనే ఉండేది. నవల ఇంకా సగంలోనే ఉంది.

తర్కం తాతయ్య:
నేను మొత్తుకునేది ఇదే.

నల్లసిరా:
ఇది మాత్రం ఆలోచించాల్సిందే. ఇకనుంచి ముందు ఒక పేజీ రాసి, ఆ తరువాతే కార్డు తీస్తాను. వచ్చింది నచ్చకపోయినా రెండోది తీయను. అలాగైతే రాయాలా వద్దా అన్నది దాని చేతిలో ఉండదు.

తర్కం తాతయ్య:
అంత కష్టం దేనికి? నిఘంటువు తెరిచి కళ్ళు మూసుకుని వేలు పెట్టండి. దమ్మిడీ ఖర్చు లేదు, జాతకాల మకిలి లేదు.

నల్లసిరా:
నిఘంటువులో మాట దొరుకుతుంది తాతయ్యగారూ. నాకు కావలసింది మనిషి. ఆ చెట్టు కింద కుర్రాడు ఎవరి మీద అలిగాడో అని మొదలుపెడితే నాకు సగం సన్నివేశం వచ్చేస్తుంది.

వీధరుగు:
వాదన ఎందుకు, చూసేద్దాం. నల్లసిరా గారూ, కొన్ని పేజీలు కార్డుతో, కొన్ని నిఘంటువుతో, కొన్ని ఏదీ లేకుండా రాయండి. ఏది ఏదో చెప్పకుండా ఇక్కడ పెట్టండి.

తర్కం తాతయ్య:
పెట్టమనండి, చదువుతాను. అచ్చుతప్పులు మాత్రం దిద్ది పెట్టమ్మా. అవి కనిపిస్తే నాకు ఇంక వేరేదేం కనబడదు.